ఎద్దు సంగతి మాత్రమే

2023 జనవరి 6, శుక్రవారం

మామా ఈ రోజు నన్ను కూడా ఎద్దుల పోటీకి తీసుకెళ్ళింది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అనే పిలవాలి. ఎనిమిదేళ్ళుగా ఫుజైరాలో ఈ అరబ్బుల ఇంట్లో వంట చేస్తున్నాను. ఎప్పుడూ వెళ్ళలేదు. ఎప్పుడూ మామాతో వెళ్ళే ఫిలిప్పినో పిల్ల సెలవు మీద ఊరికి పోయింది. గహ్వా కాఫీ ఫ్లాస్కు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

సముద్రం పక్కన పెద్ద మైదానం. చుట్టూ ఇనుప కంచె, కంచె వెనక కార్లు. ఆడవాళ్ళు కార్లలోంచి దిగరు, అద్దం దించి చూస్తారు. రెండు ఎద్దులను తాళ్ళతో మధ్యకు తెస్తారు. అవి తలకు తల ఆనించి నెట్టుకుంటాయి. వెనక్కి తిరిగింది ఓడినట్టు. బహుమతి లేదు, ఎద్దుకు పేరొస్తుంది, యజమాని తల పైకి లేస్తుంది. మా ప్రొద్దుటూరు వైపు పండగలకు ఎద్దులతో బండ లాగిస్తారు. ఇక్కడ బండ దొరకలేదేమో, ఎద్దుకు ఎద్దునే అడ్డం పెట్టారు.

మా ఇంటి ఎద్దు పేరు రాద్. అరబీలో ఉరుము అని అర్థమట. అది మధ్యదాకా దర్జాగా నడిచింది. అవతలి ఎద్దును ఒకసారి చూసింది. తిరిగి, తనను తెచ్చిన లారీ వైపు నడిచిపోయింది. తాడు పట్టుకున్న మనిషి కూడా దాని వెంటే నడిచాడు. ఇంకేం చేస్తాడు.

మైదానమంతా నవ్వింది. మామా కొడుకు సైఫ్ బాబా నవ్వలేదు. మా కారు దగ్గరకు వచ్చి, "ఇంకోసారి ఇట్లా అయితే ఎద్దు ఖలాస్, దాన్ని చూసే మనిషి ఖలాస్" అన్నాడు.

మామా ఇంకో కప్పు గహ్వా అడిగింది.

జనవరి 7

ఎద్దును చూసే మనిషి వంటింటి వెనక తలుపు దగ్గరకు వచ్చాడు. హన్మంతు అని, మెట్‌పల్లి దగ్గరి ఊరట. దుబాయ్‌లో కట్టడం పని చేసేవాడు, కంపెనీ మూతపడితే సోనాపూర్ కూలీల క్యాంపు నుంచి ఇక్కడికి వచ్చాడు. వచ్చి కొన్ని నెలలే. ఇన్నాళ్ళూ సలాం తప్ప మాట లేదు.

"అక్కా, ఎద్దు తింటలేదు" అన్నాడు.

నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడే. అక్కా అంటాడు. "డాక్టరుకు చూపించల్ల గదన్నా. నాకెందుకు చెప్తావ్?" అన్నాను.

"డాక్టరొచ్చిండు. రోగం లేదన్నడు. దిల్ మంచిగ లేదట."

"ఎద్దుకు దిల్లేంది?"

"నాకేమెర్క? పేరే రాద్ అని పెట్టిండ్రు. పిలిస్తే రాదు. కొట్లాడుమంటే రాదు. ఇగ తిండికి రమ్మంటే ఏమొస్తది?"

నేను నవ్వలేదు. లోపలికి వచ్చాక కొంచెం నవ్వాను, అదీ ఉల్లిపాయలు తరుగుతూ.

సాయంత్రం మామా పిలిచి, ఇక నుంచి ఎద్దు తిండి మన వంటింట్లోనే తయారు కావాలంది. ఖర్జూరం, నెయ్యి, తేనె, గోధుమ తవుడు, ఎండు చేపల పొడి. ఇక్కడ పోటీ ఎద్దుల తిండి ఇదేనట. ఎండు చేపలు తినే ఎద్దును మా కడప జిల్లాలో ఎక్కడా చూడలేదు. నాకెందుకు, వండమన్నారు, వండుతాను.

జనవరి 9

దస్తగిరి ఫోన్ చేశాడు.

నా మొగుడు. తను ఇంట్లోకి తెచ్చుకున్న బళ్ళారి ఆమె వెళ్ళిపోయిందట. ఇల్లు బోసిగా ఉందట. "వచ్చేయ్. ఎంతైనా నువ్వే గదా ఇంటిదానివి" అన్నాడు.

ఆమె ఇంట్లోకి వచ్చినందుకే నేను ఈ దేశం వచ్చాను. ఇప్పుడు ఆమె పోయింది కాబట్టి నేను వెళ్ళాలి. లెక్క సరిగ్గానే ఉంది. మార్చి నెలాఖరుకు నా వీసా కూడా అయిపోతుంది. ఎలాగూ వెళ్ళేదాన్నే.

మామాకు చెప్పాను, ఈసారి వీసా వద్దు, ఊరికి పోతానని. మామా టీవీ సౌండు పెంచింది.

జనవరి 12

ఎద్దు తిన్నది.

జనవరి 13, శుక్రవారం

ఈ రోజు పోటీకి రాద్‌ను తీసుకెళ్ళలేదు. ఇంకా బలం రావాలట.

హన్మంతు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. గిన్నె కడిగినట్టు ఉంది. "నువ్వు కడిగినావా?" అంటే, "లేదు, నాకింది" అన్నాడు. వెళ్ళబోతూ తిరిగి, "మంచిగ చేసినవక్కా. జర తేనె ఎక్కువైంది గానీ" అన్నాడు.

"ఎద్దు చెప్పిందా?"

ఆయన నేల చూశాడు. ఎద్దు తిండి ఆయన కూడా తిన్నాడు. యాభై ఏళ్ళ మనిషి.

"ఏం తింటాండావు రోజూ?" అని అడిగాను. కుబ్బూసు రొట్టె, పప్పు డబ్బా అన్నాడు. మధ్యాహ్నం మిగిలిన వంకాయ కూర, అన్నం ఉంటే ఇచ్చాను. పారేయడం ఎందుకని.

జనవరి 16

ఈ మధ్య కూర మిగిలిపోతోంది. కొలత తప్పుతున్నట్టుంది.

జనవరి 18

దస్తగిరి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. చేతులకు పిండి ఉంది.

జనవరి 19

దస్తగిరి ఫోన్. చేతులకు పిండి ఉంది.

జనవరి 23

ఎద్దుకు బలం రావాలంటే రాగి సంగటి మంచిదని మామాకు చెప్పాను. మామాకు రాగి అంటే తెలియదు, సరే అంది. ఇండియా సరుకుల షాపులో రాగి పిండి దొరికింది. సంగటి కెలికి, వేరుసెనగ చట్నీ కూడా నూరాను. ఎద్దుకు చట్నీ ఎందుకో నేను అప్పుడు ఆలోచించలేదు.

సగం ఎద్దు తిన్నది. సగం హన్మంతు తిన్నాడు. చట్నీ మాత్రం ఎద్దు ముట్టలేదట.

"మా దిక్కు జొన్న రొట్టె. గిది ఎప్పుడు తినలే" అన్నాడు. "నమిలితే పండ్లకు అంటుకుంటున్నది."

"నమలకూడదు. మింగల్ల" అని చెప్పాను.

"ముందుగాల్నే చెప్పాలె గదా."

జనవరి 27, శుక్రవారం

పొద్దున బట్టలు ఆరేయడానికి మేడ మీదకు వెళ్ళాను. మేడ మీద నుంచి సముద్రం కనిపిస్తుంది. ఎద్దుకు కాళ్ళు గట్టిపడాలని హన్మంతు దాన్ని నీళ్ళలో నడిపిస్తున్నాడు. మోకాలి దాకా నీళ్ళు, లుంగీ పైకి కట్టుకున్నాడు. ఎద్దుతో ఏదో చెబుతూనే ఉన్నాడు. ఇంత దూరానికి వినపడదు. ఎద్దు చెవులు ఆడిస్తోంది, దానికి తెలుగు వచ్చేసినట్టుంది.

ఈ మధ్య ఇంట్లో బట్టలు ఎక్కువగా మాసిపోతున్నాయి. రోజూ ఆరేయాల్సి వస్తోంది.

ఫిబ్రవరి 1

హన్మంతు గిన్నె ఇచ్చి వెంటనే వెళ్ళలేదు. వెనక గడప మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

"కరోనల మా ఇంటామె పోయింది" అన్నాడు. నేనేమీ అడగలేదు, తనే చెప్పాడు. "విమానాలు బంద్ ఉండె. క్యాంపుల మమ్ముల బయటికి ఇడుస్తలేరు. నా కొడుకు ఫోన్ల చూపెట్టిండు. ఫోన్ల మనిషి ఎంత కనవడ్తది? గింత."

రెండు వేళ్ళు చాపి ఆ కొలత చూపించాడు. ఎండు చేపలు దంచాల్సినవి ఉంటే దంచుతూ కూర్చున్నాను. చాలాసేపు దంచాను. పొడి మైదా అంత మెత్తగా అయింది.

వెళ్ళేటప్పుడు "నువ్వు పోతున్నవట గదా ఊరికి" అన్నాడు.

"పోతాండా. మార్చిలో."

"మంచిది. మనోళ్ళ దగ్గరికి పోవాలె" అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళాడు.

ఫిబ్రవరి 4

సూట్‌కేసు దించి దుమ్ము దులిపాను. చాలా దుమ్ము.

ఫిబ్రవరి 8

ఒక సంగతి గమనించాను. హన్మంతును అన్నా అని పిలవడం మరిచిపోతున్నాను. ఆయన కూడా అక్కా అనడం లేదు. పనుల ఒత్తిడి ఎక్కువైతే ఇలాంటివి మరిచిపోతాం.

ఫిబ్రవరి 11

ఎద్దు బాగుంది.

ఫిబ్రవరి 14

ఎద్దు బాగుంది. దగ్గుతోంది. తులసి ఆకు దొరకలేదు, అల్లం, మిరియాలు వేసి కషాయం కాచి పంపాను.

దగ్గుతున్నది ఎద్దు కాదు. అయినా ఎద్దు బాగుంది.

ఫిబ్రవరి 17, శుక్రవారం

రాద్ గెలిచింది.

ముందు జరిగింది ముందు రాయాలి.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పోటీ మొదలైంది. మామా ముందు సీటులో, నేను వెనక సీటులో, ఒళ్ళో ఫ్లాస్కు. మా వంతు ఆఖరున వచ్చింది. అవతలి ఎద్దు నల్లది, రాద్ కంటే లావు. హన్మంతు రాద్‌ను మధ్యకు తెచ్చి, చెవి దగ్గర వంగి ఏదో చెప్పి పక్కకు జరిగాడు.

రాద్ ఈసారి లారీ వైపు చూడలేదు. తల వంచింది. రెండు తలలూ తగిలిన చప్పుడు కారు అద్దాల్లోంచి కూడా వినబడింది. కాళ్ళు ఇసుకలో దిగబడ్డాయి. కాసేపు రెండూ కదల్లేదు, వీపు మీద చర్మం మాత్రం వణికింది. తర్వాత నల్లది ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. తర్వాత ఒక్కసారిగా తిరిగి పరుగు తీసింది. జనం లేచి అరిచారు. సైఫ్ బాబా తలమీద గుడ్డ తీసి గాల్లోకి ఎగరేశాడు.

రాద్ ఆగలేదు, నల్లదాన్ని తరిమింది. తాడు హన్మంతు చేతికి చుట్టుకుని ఉంది. ఆయన పడ్డాడు. పడినవాణ్ణి ఎద్దు ఇసుకలో ఈడ్చుకుపోయింది. తాడు ఊడాక ఒక పక్కన బోర్లా పడి ఉన్నాడు. ఎద్దు కంచె వైపు వెళ్ళిపోయింది.

నేను కారు దిగాను. ఎప్పుడు దిగానో తెలియదు. కంచె కింద నుంచి దూరి పరుగెత్తాను. అంతమంది మగవాళ్ళ మధ్య. "ఆగు, ఆగు" అని అరిచాను. నేను అరిచినందుకు ఏ ఎద్దూ ఆగలేదు. అటువైపు ముగ్గురు పఠాన్లు తాడు పట్టుకుంటే ఆగింది.

హన్మంతు కళ్ళు తెరిచి, "గెల్చిందా?" అన్నాడు. నోట్లో ఇసుక ఉంది. నా చున్నీతో తుడిచాను. కుడి భుజం ఉండాల్సిన చోట లేదు.

అంబులెన్సు వచ్చింది. నేను కారులోకి తిరిగి వచ్చాను. ఫ్లాస్కు కింద పడి సీటంతా గహ్వా. మామాకు క్షమాపణ చెప్పాను. ఎద్దుకు ఏమవుతుందోనని భయమేసి దిగానని చెప్పాను.

ఇంటి గేటు దగ్గరికి వచ్చాక మామా హిందీలో అడిగింది. "ఎద్దు ఆ వైపు పోయింది కదా. నువ్వు ఈ వైపు ఎందుకు పరుగెత్తావు?"

సీటు తుడవాలి, మరక పడుతుంది అని చెప్పి దిగిపోయాను.

ఫిబ్రవరి 18

సీటు తుడిచాను. మరక పోలేదు.

ఫిబ్రవరి 19

మామాతో ఆసుపత్రికి వెళ్ళాను. మామాకు మోకాళ్ళ డాక్టరును చూడాలట. మామా మోకాళ్ళ డాక్టరు అసలు వేరే ఆసుపత్రిలో ఉంటాడు.

హన్మంతుకు భుజం ఎముక విరిగింది. కట్టు మెడ దాకా ఉంది. నన్ను చూసి లేవబోయాడు.

"గమ్మున పండుకో" అన్నాను.

"ఎద్దు తింటున్నదా?"

"తింటాంది."

"ఎవలు పెడ్తున్నరు?"

"నేనే పెడ్తాండా. నాలుక చానా గరుకుగా ఉంటాది."

"భయమైతలేదా?"

"యాల భయమయితాది? అది నా వంట తినింది గదా."

ఆయన నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. ఎడమ చెయ్యి దుప్పటి మీద ఉంది. నా చెయ్యి మంచం కడ్డీ మీద ఉంది. రెంటి మధ్య జానెడు దూరం ఉంటుంది. అట్లాగే ఉంది.

ఫిబ్రవరి 22

సైఫ్ బాబా, మామా హాల్లో మాట్లాడుకున్నారు. నేను టీ కప్పులు తీయడానికి వెళ్ళాను. కప్పులు తీయడానికి రెండుసార్లు వెళ్ళాను.

హన్మంతును ఇంటికి పంపేద్దామని సైఫ్ బాబా అన్నాడు. ఆర్నెల్లు బరువు పట్టలేడట, ఎద్దుకు కొత్త మనిషిని చూశాడట.

మామా అరబీలో నెమ్మదిగా మాట్లాడితే నాకు అర్థమవుతుంది. "మన ఎద్దు ఆ మనిషిని విరిచింది. అతుక్కునేదాకా మన ఇంట్లోనే ఉంటాడు" అంది.

"తర్వాత?"

"తర్వాత రంజాన్ వస్తుంది."

ఈ ఇంట్లో రంజాన్ మాట ఎత్తితే ఏ గొడవైనా నెల వాయిదా పడుతుంది.

కప్పులు తీసుకుని వంటింట్లోకి వచ్చాను. అవే కప్పులు మూడుసార్లు కడిగాను. ఆయన వెళ్ళిపోతాడంటే ఎద్దు బెంగపెట్టుకుంటుంది కదా అని.

అది కాదు. ఈ పుస్తకం చదివేవాళ్ళు ఎవరూ లేరు. నాకే భయమేసింది. ఎద్దుకు కాదు.

ఫిబ్రవరి 28

ఆయన ఆసుపత్రి నుంచి తన గదికి వచ్చాడు. భోజనం డ్రైవరు చేత పంపిస్తున్నాను. ఎడమ చేత్తో తినలేడని చిన్న ముద్దలు చేసి, స్పూను పెట్టి పంపాను. స్పూను వాడకుండా తిరిగొచ్చింది.

మార్చి 3, శుక్రవారం

ఫిజా ఫోన్ చేసింది. తిరుపతిలో నర్సు పనిలో కుదిరినప్పటి నుంచి నా బిడ్డ పెద్దమనిషిలాగా మాట్లాడుతోంది.

"మా, నాయన పిలిస్తే పోతాండావంట. నీకు పోవాలనుండాదా?" అని అడిగింది.

ఇన్ని రోజుల్లో ఆ మాట నన్ను అడిగింది అదొక్కతే. నన్ను నేను కూడా అడగలేదు.

"నీ కోసం..." అన్నాను.

"నేను తిరపతిలో ఉండా. ఆ ఇంట్లో లేను. నా పేరు చెప్పి పోవాకు."

తర్వాత ఎద్దు సంగతి చెప్పాను, పోటీ సంగతి, భుజం సంగతి. మధ్యలో దాని గొంతు మారింది.

"మంచోడా, మా?"

"భుజం ఇరిగింది" అన్నాను.

"నేనడిగింది అది కాదు."

"మంచోడే" అన్నాను.

మార్చి 5

దస్తగిరి ఫోన్ చేశాడు. చేతులకు పిండి ఉంది. తుడుచుకుని ఎత్తాను.

"ఏమే, టికెట్టు తీసినావా?"

"తీయలే."

"ఇంగెప్పుడు తీస్తావు?"

"తీయను. నేను రాను."

అవతల టీవీ కట్టేశాడు. "ఆడ ఏముండాది నీకు?"

"ఎద్దుండాది. దానికి వండి పెట్టల్ల."

"మొగుణ్ణి ఇడిసిపెట్టి ఎద్దుకు వండి పెడ్తావా?"

"అది గిన్నె నాకుతాది. నువ్వు పదారేండ్లు తినినావు, ఒక్కనాడన్నా బాగుందన్యావా?"

చాలాసేపు తిట్టాడు. బళ్ళారి ఆమెను కూడా కలిపి తిట్టాడు. నేను ఫోను పక్కన పెట్టి పొయ్యి తగ్గించి మళ్ళీ అందుకున్నాను.

"యవుడుండాడు ఆడ? నిజం చెప్పు" అన్నాడు.

లేడని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది. ఏ తప్పూ జరగలేదు కాబట్టి అబద్ధం కూడా కాదు.

"ఒక మనిషుండాడు" అన్నాను. "ఆయప్ప నా రూముకు రాలే. నేను ఆయప్ప రూముకు పోలే. అయినా ఉండాడు. నీకు చెప్పల్ల గాబట్టి చెప్తాండా. నాకు ఇడాకులు గావల్ల, ఖులా అడుగుతాండా నేను. ఫిజా జమాతు పెద్దల కాడికి వస్తాది. గొడవ జేయకుండా ఇడిసిపెట్టు."

ఫోను ఎవరు పెట్టేశారో తెలియలేదు. నెట్ కూడా పోయి ఉండొచ్చు.

చపాతీలు పొంగాయి. ఈ రోజు అన్నీ పొంగాయి.

మార్చి 7

రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు. పెద్దలు ఏమంటారో, మా అన్నదమ్ములు ఏమంటారో. ఆయన మతం వేరు. ఇప్పటికి ఖులా వరకే. అది కూడా తక్కువ పని కాదు.

మార్చి 10, శుక్రవారం

మామాకు చెప్పాను, వీసా ఇంకో రెండేళ్ళు కొట్టించమని.

"ఎద్దు కోసమా?" అంది.

"కాదు."

మామా నా ముఖం చూసింది. ముసలామె కళ్ళకు ఆపరేషన్ అయింది, బాగానే కనిపిస్తుంది. "నా ఇంట్లో నేను బతికున్నంతకాలం పద్ధతిగా ఉండాలి. తెలుసు కదా?" అంది.

"తెలుసు, మామా."

"పాస్‌పోర్టు సైఫ్‌కు ఇవ్వు. మంచి ఖర్జూరం తెప్పించు, రంజాన్ వస్తోంది."

మార్చి 17, శుక్రవారం

రంజాన్‌కు ముందు ఆఖరి పోటీ ఇదే. మామా బయలుదేరుతూ హన్మంతును కూడా కారెక్కమంది. డ్రైవరు పక్కన మామా, వెనక ఒక కిటికీ దగ్గర నేను, ఇంకో కిటికీ దగ్గర ఆయన. మధ్యలో ఫ్లాస్కు, ఖర్జూరం డబ్బా, మామా చేతికర్ర.

మైదానంలో మామా అద్దం దించి, "కారులో ఉక్కగా ఉంది. మీరిద్దరూ బయట కూర్చోండి" అంది. ఏసీ చల్లగా వస్తోంది. దిగాం.

కంచె పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నాం. మగవాళ్ళు చూశారు. అంతకుముందు మైదానంలోకి పరుగెత్తినదాన్ని నేనే కాబట్టి గుర్తుపట్టి ఉంటారు. ఒక పండ్లమ్మే బెంగాలీ అబ్బాయి సలాం చేశాడు.

కొత్త మనిషి రాద్‌ను మధ్యకు తెచ్చాడు. హన్మంతు ఎడమ చేత్తో కంచె పట్టుకున్నాడు.

"తాడు గట్ల పట్టుకోవద్దు" అన్నాడు. తర్వాత తల తిప్పకుండానే, "టికెట్ ఎప్పటికి?" అని అడిగాడు.

"యా టికెట్టు?"

"ఊరికి పోతనంటివి గదా."

"పోవడంల్యా. వీసా కొట్టించినా. నా మొగుణ్ణి ఫోన్లోనే ఖులా అడిగినా."

ఆయన కంచె వదిలేశాడు. "ఎందుకు?"

మైదానంలో తలలు తగిలిన చప్పుడైంది. జనం లేచారు. మేమిద్దరమే కూర్చుని ఉన్నాం.

"నీకు తెల్దా?" అన్నాను.

"ఎర్కే" అన్నాడు. "ఎర్కే గానీ, నీ నోటితోటి చెప్తవేమో అని."

"మీ కొడుకు ఏమంటాడు?"

"తెల్వది. అడగాలె. ముందుగాల భయమైతది, తర్వాత అడుగుత." మళ్ళీ తనే, "మీ వాళ్ళు?" అన్నాడు.

"చంపుతారు."

"నిజంగనా?"

"లేదు. కొన్నేండ్లు మాట్లాడరు. మా బిడ్డ మాట్లాడతాది."

"నాకు మళ్ళ ఈ చెయ్యి మంచిగైతదో కాదో. పని ఉంటదో ఉండదో. అది గుడ ఆలోచించుకో."

"ఆలోచించుకున్యా" అన్నాను. "ఇప్పుడే ఏమీ అడగొద్దు. రంజాన్ పోనీ. ఖులా రానీ. నువ్వు నీ కొడుకును అడుగు. నేను యాడికీ పోను."

ఆయన తల ఊపాడు. కట్టు జారితే సరిచేసుకోవడం ఒక్క చేత్తో కావడం లేదు. నేను లేచి, అందరూ చూస్తుండగా, మెడ వెనక ముడి విప్పి మళ్ళీ కట్టాను. వెంట్రుకల్లో ఇసుక ఉంది. ఇన్నాళ్ళయినా పోలేదా, ఈ రోజు గాలికి కొత్తగా పడిందా తెలియదు. ముడి గట్టిగా ఉందా అని అడిగాను. ఉన్నది అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మామా చాలా ఉత్సాహంగా ఉంది. రాద్ గెలిచిందట. అవతలి ఎద్దు రెండుసార్లు వెనక్కి జరిగి మళ్ళీ ముందుకు నెట్టిందట, ఈ సీజన్‌లో ఇలాంటి పోటీ లేదట, జనం కార్ల మీదకెక్కి అరిచారట. "చూశావా?" అని నన్ను అడిగింది.

లేదు మామా, అన్నాను. నేను అటు చూడలేదు.